యంత్రమునకు నికాహ్ కలదా?

స్త్రీ పురుష రూపములతో మాటలాడుచు శయ్యాసుఖము నొసంగు మరబొమ్మలు విదేశములలో అమ్మకమునకు వచ్చినవి. వీనినిగూర్చి ఇస్లాము ధర్మశాస్త్రమేమనునను ప్రశ్న కడప, కర్నూలు పురవాసులలోఁ గొందఱికి హాస్యాస్పదముగాఁ దోఁపవచ్చును. కాని రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి వేలకొలఁది జనులు కువైటున కేగి, ఆలుమగలు ఏండ్లతరబడి యెడబాసి యుండు ఈ కాలమున నిది మనకుఁ గాని ప్రశ్న గాదు. ఒంటరితనమున్నచోటికి దానిని సొమ్ముచేసికొను వర్తకుఁడు రాకమానఁడు.

మొదట న్యాయమును విచారింతము. ముస్లిముల వివాహము ఒడంబడిక యని 1886లో అలహాబాదు హైకోర్టున జస్టిస్ మహమూదుగారు విశదీకరించిరి. ఒకరు కోరవలెను, వేఱొకరు సమ్మతింపవలెను. మహరు వధువు సొత్తు కావలెను. 1937 నాఁటి షరియతు చట్టము ఈ విషయములలో ముస్లిములకు షరియతునే వర్తింపఁజేసినది. యంత్రము 'సమ్మతము' అని పలికినను అది కర్మాగారమునఁ గూర్చిన పలుకు. కాదనఁజాలనిదాని యంగీకారమునకు విలువయేమి? మహరు పుచ్చుకొనుటకు దానికి స్వత్వము లేదు. అదియే యొకరి సొత్తు. 2017లో సౌదీ అరేబియా 'సోఫియా' యను యంత్రమునకుఁ బౌరసత్వమును ప్రకటించెను. ప్రకటనచే మనసు పుట్టదు గదా!

కొన్న సొత్తునకు నికాహ్ ఏల యని, పూర్వపు బానిసస్త్రీల దృష్టాంతమును దెచ్చువారు ఉండవచ్చును. ఆ శాస్త్రము మనుష్యురాలిని గూర్చినది. యజమానికి బిడ్డను గన్న బానిస అతని మరణానంతరము స్వతంత్రురాలగునని అదియే చెప్పినది. మఱియు మన దేశమున 1843 నాఁటి చట్టము బానిసపై హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదని శాసించినది. మనుష్యులు వదలించుకొన్న దుర్నయమును యంత్రము పేర మరల నేల తేవలెను?

ఇఁక నీతి. రెండవ మనిషి లేనందున ఇది శాస్త్రోక్తమగు వ్యభిచారము గాదు. అంతమాత్రమున ధర్మ్యమును గాదు. ధర్మ్యసంబంధమునకు వెలుపల కామతృప్తిని వెదకువారు హద్దు మీఱినవారని ఖురాను 23వ అధ్యాయము చెప్పుచున్నది. వ్యభిచారభయమున్నపుడు ఏకాంత కామతృప్తిని హనఫీలలోఁ గొందఱు ఉపేక్షించిరి. అది ఆపత్కాలపు సడలింపేకాని, యంత్రముతోడి కాఁపురమునకు అనుమతి గాదు.

అయినను నిషేధమొక్కటే చాలదు. సైనికులను భార్యలకుఁ గొన్ని నెలలకు మించి యెడము చేయరాదని ఖలీఫా ఉమరు కట్టడి చేసెనను ఐతిహ్యము కలదు. ఆయన విరహిణిని దండింపలేదు. విరహమునకు మేర పెట్టెను. ప్రవాసులకు వేతనముతోడి సెలవును, ఈ కఱవుసీమకు నీటిని, ఇంటి చెంతనే పనిని సంపాదించుటకుఁ బూనుకొనుఁడు. ఆలుమగలు కలసియున్న యింట మరబొమ్మకుఁ జోటుండదు.