సంద్రం చెంత.. బసకే చింత

కోవూరు: ఆదివారం వచ్చిందంటే నెల్లూరు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం ప్రాంతాల కుటుంబాలు మైపాడు బాట పడతాయి. పిల్లలు అలలతో ఆడుకుంటారు. పెద్దలు ఇంటినుంచి తెచ్చిన పులిహోర పొట్లాలు విప్పుతారు. పొద్దుగూకేసరికి తీరం ఖాళీ అవుతుంది.

నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరాన, కోవూరు నియోజకవర్గ పరిధిలోని ఇందుకూరుపేట మండలంలో ఉన్న ఈ తీరానికి జనం కొరత లేదు. రాత్రి నిలిచే కుటుంబాలే స్వల్పం. పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత రిసార్టు ఇక్కడ ఉన్నప్పటికీ, సామాన్యుడు కోరుకునే రెండు మూడు గదుల చిన్న అతిథి గృహాలు పెరగవలసి ఉంది. పగటి సందర్శకుడు తీరంలో ఖర్చు చేసేది టీ, బజ్జీలకే. రాత్రి నిలిచిన కుటుంబం గది అద్దె, చేపల పులుసు భోజనం, మరునాటి అల్పాహారం ఖర్చును ఆ ఊరికే అందిస్తుంది.

వేట ఆగిన వేళే సెలవులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక, మోటారు పడవల వేట నిషిద్ధం. మత్స్యకారుల చేతికి పని లేని ఈ కాలంలోనే పిల్లలకు వేసవి సెలవులు. నిషేధకాల భృతిని ప్రభుత్వం 2025లో రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెంచింది. లెక్కిస్తే రోజుకు దాదాపు రూ.328. ఇంటిల్లిపాదీ గడవడానికి ఇది చాలదు. ఇంట్లో ఒక గదిని అతిథులకు కేటాయించగలిగితే ఆ లోటు కొంతైనా పూడుతుంది.

నిబంధనలు ఏమంటున్నాయి?

కేంద్రం 2019 జనవరిలో వెలువరించిన తీర నియంత్రణ మండలి (సీఆర్‌జడ్) ప్రకటన ప్రకారం, జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరాల్లో పోటు రేఖ నుంచి 200 మీటర్ల వరకు నిర్మాణాలపై ఆంక్షలున్నాయి. అయితే ఇంటి పునాది విస్తీర్ణం, నమూనా, ముఖభాగం మార్చకుండా స్థానికులు, మత్స్యకారులు అతిథులకు బస కల్పించేందుకు అదే ప్రకటన వీలు కల్పించింది. రాష్ట్ర తీర నిర్వహణ ప్రణాళికలను సవరించిన తరువాతే ఈ వెసులుబాటు వర్తిస్తుందని కూడా పేర్కొంది. కనుక పెట్టుబడి పెట్టేముందు అధికారులను సంప్రదించడం శ్రేయస్కరం.

భద్రతే ప్రధానం

గది ఒక్కటే ఉంటే కుటుంబం నిలవదు. మంచినీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, స్త్రీలు దుస్తులు మార్చుకునే చోటు, రాత్రివేళ వెలుతురు కావాలి. స్నానాలకు సురక్షితమైన హద్దులు గుర్తించి, ఈత నేర్చిన స్థానిక యువకులను కాపలా ఉంచాలి. 2004 డిసెంబరు 26 నాటి సునామీని చూసిన జిల్లా ఇది. ఈశాన్య రుతుపవనాల కాలంలో తుపానుల భయమూ తప్పదు. హెచ్చరిక వెలువడితే అతిథులను ఎటు తరలించాలో ఆతిథ్యమిచ్చే ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

పర్యాటకానికి రాష్ట్రం 2024లో పరిశ్రమ హోదా ప్రకటించింది. దాని ఫలం పెద్ద హోటళ్ల గుమ్మం వద్దే ఆగిపోకుండా మత్స్యకారుని వాకిలికీ చేరాలి. పొదుపు సంఘాల మహిళలకు శిక్షణ, చిన్న రుణం అందించి ముందుగా కొన్ని ఇళ్లతో ఆరంభిస్తే ఆ దారి పడుతుంది.