మనం కట్టని బట్ట దేవుడికెందుకు?

సూరత్‌లో పాండేసర దగ్గరి వడోద్ నుంచి ఉధ్నా, లింబాయత్ దాకా మరమగ్గాలను నమ్ముకుని బతికేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. తెలంగాణ పల్లెల్లో చేమగ్గం కూడు పెట్టక వలసపోయిన పద్మశాలి కుటుంబాలే అందులో ఎక్కువ. వాళ్ల కులపురాణం ప్రకారం మార్కండేయుడి కొడుకు భావనారుషి తామరతూడు నారతో తొలి వస్త్రం నేసి దేవతలకిచ్చాడు. అంటే మగ్గం మీది మొదటి బట్ట మనిషి కట్టుకోవడానికి పుట్టలేదు, దేవుడికి ఇవ్వడానికి పుట్టింది. ఇంత గొప్ప నమ్మకం ఉన్న జాతి మనది. మరి ఇవాళ మన పూజల్లో కలశం మీద కప్పుతున్నదేమిటి? ఎవరూ కుట్టించుకోని రవిక ముక్క. ఒక వ్రతంలో వచ్చింది ఇంకో వ్రతానికి పోతుంది, అక్కడి నుంచి మరో ఇంటికి. నేసినవాడి తప్పు ఇందులో లేదు. అడిగిన ధరకు తగిన బట్టే నేస్తాడు. ‘పూజకే కదా’ అని నాసిరకం అడుగుతున్నది మనం. దీపానికి వంటకు పనికిరాని నూనె, తాంబూలంలో నమలలేని వక్క కూడా ఈ మాట చాటునే పూజగదికి చేరాయి.

ఇదే నేతవృత్తిలో ఇంకో దారీ ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. సంస్థానం నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ అది. పదకొండు గజాల పంచెలు, కోటకొమ్ముల అంచు. నేసేవాళ్లు దీక్ష పట్టి, నియమం తప్పకుండా మగ్గం మీద కూర్చుంటారు. ఇందులో నన్ను కట్టిపడేసేది పనితనం ఒక్కటే కాదు, వరుస. పడుగు ఎక్కించకముందే ఆ బట్ట ఎవరిదో తేలిపోయింది. అన్ని అవసరాలూ తీరాక మిగిలినదాంట్లోంచి మేలైనది ఏరడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే మేలైనది అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. ముందు తీసి పెడితేనే మంచిది మిగులుతుంది. కొత్త పంటలో తొలి గింజలు, చెట్టున తొలి కాయ దేవుడికి పెట్టిన పెద్దల లెక్క ఇదే.

దేవుడికి బట్టలు కరువా అని అడగవచ్చు. కరువు లేదు. కఠోపనిషత్తులో నచికేతుడు తండ్రిని నిలదీసింది కూడా దేవతలకు ఆవులు తక్కువయ్యాయని కాదు. పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దానమిచ్చి యజ్ఞఫలం ఆశిస్తున్నాడని ఆ పసివాడికి మనసు కలుక్కుమంది. బైబిల్ పాత నిబంధన గుడ్డి, కుంటి పశువులు బలికి పనికిరావంది. బక్రీద్ ఖుర్బానీకి లోపంలేని జీవం కావాలని ఇస్లాం నియమం పెట్టింది. ఇన్ని మతాలు ఒకే చోట ఇంత పట్టుగా ఉండటానికి కారణం నాకు కనిపించేది ఒకటే. వద్దనుకున్నది ఇవ్వడంలో ఇచ్చినవాడు వదులుకున్నదేమీ లేదు.

రోజంతా నిలబడి నేస్తే మీటర్ల లెక్కన కూలి దొరికే మనిషిని మేలైనది తెమ్మంటారా అనే ప్రశ్న ఇంతకన్నా బరువైనది. తప్పక జవాబు చెప్పాలి. మేలైనదంటే ఖరీదైనది కాదు. కుచేలుడి అటుకులు ద్వారక సంపద ముందు ఎంత? ఆయన ఇంట్లో అంతకన్నా మంచిది లేదు, అదే వాటి విలువ. శ్రీకాళహస్తి కన్నప్ప తాను రుచి చూసి బాగున్నదే శివుడికి పెట్టాడు. అప్పు చేసి పట్టు కొనమని ఏ దేవుడూ అడగలేదు. పది నాసిరకం ముక్కలకు బదులు కట్టుకోదగిన ఒక్క బట్ట చాలు. అదీ కుదరకపోతే అలసిపోయాక కాకుండా, ఒళ్లు తేలికగా ఉన్న పొద్దున దేవుడికి ఒక్క గడియ ఇస్తే చాలు. మంచి బట్టకు పెట్టే డబ్బు పేదలకిస్తే పుణ్యం కదా అనేవారికి ఒక మాట. దేవుడు ఏదీ దాచుకోడు. నైవేద్యం ప్రసాదమై మనిషి నోటికే వస్తుంది, పెట్టిన బట్ట ఎవరో ఒకరి ఒంటికే చేరాలి. నాసిరకం పెట్టినప్పుడు చివరికి మోసపోయేది ఆ మనిషే.

శ్రావణ పౌర్ణమికి పద్మశాలీలు మార్కండేయుణ్ని కొలిచి కొత్త జంధ్యం వేసుకుంటారు. సూరత్‌లోని మనవాళ్లు ఈసారి ఆ రోజుకు చేమగ్గం మీద ఒక్క పంచె నేయించి స్వామికి కట్టాలి. చేమగ్గం ఎరిగిన పెద్దల చేతులు పనిచేస్తున్నప్పుడే ఇది జరగాలి. మిగతా మనమంతా వచ్చే వ్రతానికి సామాను రాసుకునేటప్పుడు, మన ఇంట్లో వాడని సరుకేదైనా అందులో ఉంటే కొట్టేద్దాం.