నవలలో దుష్టత్వము

దుష్టుడు చివరకు శిక్షింపబడినచో నవలలో నీతి నిలిచినదనియు, వాడు సుఖముగా నుండగానే కథ ముగిసినచో నీతికి హాని కలిగినదనియు తీర్పు చెప్పు విమర్శకులు మనలో నేటికిని తక్కువ లేరు. ఈ కొలత న్యాయస్థానమునకు తగును గాని సాహిత్యమునకు చాలదని మా యభిప్రాయము. పాపము ఏ వేషము ధరించి మనిషి మనస్సున ప్రవేశించెనో రచయిత చూపగలిగినచోటనే నీతి పాఠకుని తాకును.

1878లో ‘వివేకవర్ధని’లో వెలువడ నారంభించిన వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’నే చూతము. స్వర్ణయోగము పేర రాజశేఖరుని యింటి బంగారమును కాజేసి మాయమైన బైరాగి వట్టి మోసగాడు; వానినుండి మనము గ్రహింపదగినది స్వల్పము. మంచివాడని పేరొందిన గృహస్థు, ఉన్నది చాలక, ఆ బంగారమును తానై యప్పగించుటలోనే అసలు విషయమున్నది. సంస్కర్తగా పంతులుగారు చేసిన ధర్మోపదేశములకంటె ఈ ఘట్టము మాకు బలవత్తరముగా తోచును.

దొస్తొయెవ్‌స్కీ 1866లో ప్రకటించిన ‘నేరము – శిక్ష’ ఇంకను లోతునకు దిగినది. కుదువవ్యాపారము చేయు ముసలిదానిని చంపి, ఆ ధనముతో పదిమందికి మేలు చేయవచ్చుననియు, అసాధారణ పురుషులకు సామాన్య ధర్మము వర్తింపదనియు పేద విద్యార్థి రాస్కల్నికోవ్ అల్లుకొన్న తర్కము, చదువుచుండగా మనకును క్షణకాలము సబబుగా తోచుటయే అందలి భయంకర విషయము. గొడ్డలి దిగిన పిమ్మట, ఆ తర్కమున లెక్కకే రాని లిజవేత, ముసలిదాని సవతి చెల్లెలు, ఎవరికిని అపకార మెరుగని సాధువు, ఇంటికి వచ్చును. ఆమెయు హతురాలగును. మరునాడు అతడు, దోచిన సంచిలో ఎంత యున్నదో విప్పియైన చూడక, ఒక రాతిక్రింద దాచివేయును. పదిమంది మేలుకొరకని చేసిన హత్య, ఆ ధనమును లెక్కించుటకైనను చేయి రానీయలేదు! సైబీరియా శిక్ష తరువాతి మాట. రచయిత నోట ఒక్క నీతివాక్యము వెలువడకయే తర్కమంతయు ఇచ్చటనే కూలినది.

మా పత్రికకు వచ్చు నవలలలో ప్రతినాయకుడు మొదటి పుటలోనే క్రూరదృష్టులతో ప్రవేశించుచున్నాడు. అతడేల అట్లయ్యెనో ఎవరికిని పట్టదు. పాఠకుడు అతనిని ద్వేషించి, తాను నిర్దోషినని సంతోషించి, పుస్తకము మూయును. దుర్మార్గుని వాదము నాతని పక్షముననే నిలిచి పూర్తిగా వినిపించి, ఆపైన అతనివలన నష్టపోయినవారిని మన యెదుట నిలుపు నవలను ఎవరు వ్రాసి పంపినను, తుదిని శిక్ష యున్నను లేకున్నను, మేము ఆదరముతో ప్రకటింతుము.