లంకచుట్ట, హవానా సిగారు, మా మామ్మ అంగిలి

ముందే చెప్పేస్తున్నా. నేను ఎనిమిదేళ్ళుగా సిగార్లు కాలుస్తున్నవాణ్ణి. సిగరెట్లు కాదు, సిగార్లు. ఈ రెంటికీ తేడా ఏంటో ఎనిమిదేళ్ళుగా మా ఆవిడకి చెబుతూనే ఉన్నాను. ఆవిడ వింటూనే ఉంది. ఒప్పుకోవడం మాత్రం లేదు.

మాది కార్వాన్. పేరు వినగానే మీకు బిడారు గుర్తొస్తే అది సరిగ్గానే గుర్తొచ్చింది. గోల్కొండ కోటకీ పురానాపూల్‌కీ మధ్య, కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల బిడారులు దిగిన చోటు ఇది. పురానాపూల్ 1578 నాటిది, మా డాబా మీంచి మినార్లు కనబడే టోలీ మసీదు 1671 నాటిది. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చిన పొగాకు ముందు మన దక్కనులోనే అలవాటయింది. అక్బరు దర్బారుకి దాన్ని 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే ఆయన పట్టుకెళ్ళింది బీజాపూర్ నుంచే. అంటే ఆగ్రాకంటే మనమే సీనియర్లమన్నమాట :)

శనివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక, డాబా మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక సిగారు. వారమంతా గచ్చిబౌలిలో కోడు రాసి, మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికి చేరేవాడికి ఆ గంట చాలా పెద్ద సుఖం. ఈ నెలలో మూడు కాల్చాను. వాటి సంగతి రాద్దామనే కూర్చున్నాను. రాయడం మొదలెట్టాక వేరే సంగతొకటి అడ్డంపడింది. వరసలోనే చెబుతాను.

మొదటిది పార్తగాస్ సీరీ డి నంబర్ 4. హవానాలో 1845లో మొదలైన కంపెనీ. దుబాయ్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది వచ్చినప్పుడల్లా రెండు మూడు తెస్తాడు. 124 మిల్లీమీటర్ల పొడవు, లావు 50. ఈ లావు లెక్క అంగుళంలో అరవైనాలుగో వంతుల్లో కొలుస్తారు, అంటే ఇది ముప్పావు అంగుళం దాటి లావన్నమాట. మొదటి పావుగంట మిరియం. నాలుక కొస మీద చురుక్కుమని ముక్కులోంచి దిగుతుంది. ఆ తర్వాత బేగంబజార్‌లో పాత కిరాణా కొట్టు తలుపు తీసినప్పటి వాసన ఉంటుంది చూడండి, గోనెసంచి, ధనియాలు, పాత కొయ్య అన్నీ కలిపి, అది. చివర్లో చిక్కటి డికాషను చేదు. మూడో వంతులో కొంచెం తొందరపడి లాగితే వేడెక్కి చేదు ముదురుతుంది. నిమిషానికొక దమ్ము చాలు, దానికి మించి వద్దు.

రెండోది పడ్రోన్ 1964, నల్ల ఆకుది. క్యూబా వదిలి మయామీ చేరిన ఒకాయన 1964లో పెట్టిన కంపెనీ ఇది. ఆకు మాత్రం నికరాగువాది. పలకలు పలకలుగా నొక్కి ఉంటుంది, వేళ్ళ మధ్య దొర్లిపోదు. బెల్లం పాకం అడుగంటితే వచ్చే కమ్మదనం, దాని వెనక కోకో. ఘాటు ఉందిగానీ మర్యాద తెలిసిన ఘాటు. మార్కులు వెయ్యమంటే పార్తగాస్ కంటే ఒకటి ఎక్కువే వేస్తా.

సిగారు చుట్టడం మామూలు పని కాదండోయ్. లోపల మూడు రకాల ఆకు. మొక్క అడుగు నుంచి కోసింది బాగా మండుతుంది, నడిమిది వాసననిస్తుంది, ఎండంతా తాగిన పై ఆకు ఘాటునిస్తుంది. వాటిని పట్టి ఉంచడానికి ఒక ఆకు, అందం కోసం పైన ఇంకో ఆకు. క్యూబా ఫ్యాక్టరీల్లో చుట్టేవాళ్ళు పనిచేస్తుంటే ఒక మనిషి ఎత్తు మీద కూర్చుని పేపర్లూ నవలలూ చదివి వినిపించే ఆచారం 1865 నుంచీ ఉంది. మోంటెక్రిస్టో అనే సిగారు పేరు అలా విన్న డ్యూమా నవల నుంచి వచ్చిందే. మన పక్కనే కన్నూరులో దినేశ్ బీడీ కార్మికులకీ ఇలాగే పేపరు చదివి వినిపించేవాళ్ళు. చేతులకి పని ఉన్నచోట చెవులు ఖాళీగా ఉంటాయి కదా.

ఇక మూడోది. రాజమండ్రిలో కొలీగ్ పెళ్ళికి వెళ్ళి కొనుక్కొచ్చిన లంకచుట్టల కట్ట. దారంతో కట్టి ఇచ్చాడు, పైన కాగితం ముక్కయినా లేదు. కట్ట మొత్తానికి నేనిచ్చిన డబ్బులతో పార్తగాస్ బూడిద కూడా రాదు. గోదావరి వరద తీశాక లంకల్లో మిగిలే ఒండ్రులో పండిన పొగాకు, ఎండబెట్టి, మండెలు వేసి మాగబెట్టిన ఆకు.

నిజాయితీగా రాస్తాను. మొదటి దమ్ము నషాళానికంటింది. దగ్గు. మంచినీళ్ళు. రెండో దమ్ముకి సర్దుకున్నాను. ఘాటు దిగాక వగరు, వక్కాకు నమిలినట్టు. ఆ కింద తడిమట్టి, ఎండుగడ్డి వామి, ఎక్కడో దూరంగా కాలిన తాటాకు. ఒక పక్కే మండుతుంది, తిప్పుకుంటూ కాల్చాలి. చివరికి వచ్చేసరికి నాలుక మొద్దుబారింది. కానీ ఆ వగరు ఉంది చూశారూ, అది పడ్రోన్‌లో లేదు, పార్తగాస్‌లో లేదు. ఇది ఫలానా నేల అని చెప్పే రుచి అది.

ఇక్కడ నాకు కోపం వచ్చింది. నేను చదివిన సిగారు రివ్యూల్లో కాఫీ, తోలు, దేవదారు, ఎండుద్రాక్ష అని పేరాలకి పేరాలు ఉంటాయి. లంకచుట్ట గురించి మనం అనేది ఒకటే మాట, "కంపు". ఐదు నక్షత్రాల హోటల్లో వస్తే సువాసన, అరుగు మీద వస్తే కంపు. ఇంగ్లీషులో చెరూట్ అనే మాటే మన దక్షిణాది చుట్టలోంచి, తమిళుల శురుట్టులోంచి వెళ్ళింది. షెర్లాక్ హోమ్స్ చూడండి. 1887లో వచ్చిన మొదటి నవలలో బూడిద చూసి తిరుచ్చి చుట్ట అని పట్టేస్తాడు. 1890లో వచ్చిన రెండో నవలలో హంతకుడు కాల్చేది లుంకా అయితే వెతకాల్సినవాళ్ళు తగ్గిపోతారంటాడు. ఆ లుంకా ఏంటో అనుకునేరు, మన గోదావరి లంకే! లండన్ డిటెక్టివుకి మన లంకాకు బూడిద తెలుసు. కలకత్తాలో సత్యజిత్ రాయ్ ఫెలూదా కాల్చేది మన హైదరాబాద్ చార్మినారే. గురజాడ వెంకటేశం గిరీశం దగ్గర గట్టిగా నేర్చుకున్న చదువు చుట్ట కాల్చడమే. ఇంత చరిత్ర ఉన్న చుట్టకి రుచి చెప్పే నాలుగు మాటలు మనం పెట్టుకోలేదు. బావమరిది తెచ్చిన పెట్టెకి మాత్రం దేవదారు డబ్బా, తేమ కొలిచే మీటరు, అరవైఐదు శాతం దాటిందా లేదా అని రోజూ చూడటం!

ఇంతవరకు రాసి చాలా సంతోషపడ్డాను. మంచి పాయింటు పట్టాను కదా అని. మన చుట్టకి గౌరవం కావాలి అని ముగిస్తే సరిపోయేది.

అప్పుడు మామ్మ గుర్తొచ్చింది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి హైదరాబాదొచ్చి, కార్వాన్‌లో అద్దెకి దిగి, ఇక్కడే ఉండిపోయాడు. తాతయ్య పోయాక మామ్మని తీసుకొచ్చాడు. మామ్మది అడ్డపొగ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, చుట్ట వెలిగించి, మండే కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్ళలో బాగా ఉన్న అలవాటు. చేపలు ఎండేస్తూనో, బట్టలు ఉతుకుతూనో, రెండు చేతులకీ పనున్నా పెదాలు మూసుకుంటే చాలు, గాలికి ఆరదు, చేప మీద బూడిద పడదు. మా వీధి పిల్లలకి అది సర్కస్. ఇంటి ముందు గుంపుగా నిలబడి చూసేవాళ్ళు. పక్కింటి చాచా మాత్రం, "అమ్మా, నిప్పు మింగుతావా?" అని భయపడేవాడు. "మింగనురా బాబూ, పొగ లోనికి పోనీను, నోట్లోనే ఉంచుతాను" అనేది మామ్మ.

ఆ మాట ఇంకోసారి చదవండి. పొగ లోనికి పోనివ్వను, నోట్లోనే ఉంచుతాను. ఎనిమిదేళ్ళుగా మా ఆవిడకి నేను చెబుతున్న తేడా అక్షరాలా ఇదే. "సిగారు పొగ ఊపిరితిత్తుల్లోకి లాగం తెలుసా? నోట్లో రుచి చూసి వదిలేస్తాం."

మామ్మకి అంగిలి మీద ముందు తెల్లగా అయింది. తర్వాత పుండు. 2001లో డాక్టరు చూసే నాటికి ఆలస్యమయింది. ఆఖరి నెలల్లో అన్నం గంజిలా చేసి పోసేవాళ్ళం. నేనప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నా. ఆమె నాతో అన్నది, "ఏటి బాబూ, ఉప్పుందో లేదో కూడా తెలీటం లేదు" అని. రుచి పోయిందని చెప్పడం ఆమెకి నొప్పి గురించి చెప్పడంకంటే కష్టంగా ఉన్నట్టనిపించింది.

ఇది మా ఇంట్లో విడ్డూరమేం కాదు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్ళు పరీక్షించి, అడ్డపొగకీ అంగిలి జబ్బుకీ ఉన్న లంకె చూపిస్తూ పిండ్‌బోర్గ్, మరికొందరు డాక్టర్లు 1971లోనే బ్రిటన్ క్యాన్సర్ పత్రికలో వ్యాసం వేశారు. మామ్మకి అది చేరలేదు. ఇంజనీరింగ్ చదివిన మనవడికీ చేరలేదు, లేదా చేరినా అది అడ్డపొగ సంగతి, నాది సిగారు కదా అనుకున్నాడు.

సిగారు సంగతి చూద్దాం మరి. సిగారు పొగలో క్షారం ఎక్కువ. అందుకే నికోటిన్ ఊపిరితిత్తుల దాకా పోనక్కర్లేదు, నోటి పొరలోంచే రక్తంలోకి ఎక్కుతుంది. లాగకుండానే కిక్ రావడానికి కారణం అదే. మనం దాన్ని సంస్కారం అనుకుంటాం, అది కెమిస్ట్రీ. ఒక పెద్ద సిగారులో ఒక సిగరెట్ పెట్టె అంత పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకీ సిగారుకీ సంబంధం ఉందని అమెరికా క్యాన్సర్ సంస్థ 1998లోనే ఒక పుస్తకమంత నివేదిక ఇచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకు చదివానంటారా? మూడు వారాల కింద పన్ను నొప్పని డెంటిస్ట్ దగ్గరికెళ్ళాను. ఆవిడ టార్చి వేసి పన్ను చూడ్డం మానేసి పైకి చూసింది. "చుట్ట కాలుస్తారా?" అనడిగింది. "సిగారు" అన్నాను గొప్పగా. అద్దం ఇచ్చి చూపించింది. అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఇది ఇప్పటికి క్యాన్సర్ కాదు, మానేస్తే మామూలుగా తగ్గిపోతుంది, నెల తర్వాత రండి, తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపుదాం అంది. ఆవిడకి మా మామ్మ గురించి చెప్పలేదు.

నేను ఇక్కడ ఎవరికీ నీతులు చెప్పడం లేదు. చుట్టకి గౌరవం కావాలన్న మాట కూడా వెనక్కి తీసుకోవడం లేదు. లంకాకు చుట్టేవాళ్ళ చెయ్యి, హవానా చుట్టేవాళ్ళ చెయ్యి రెండూ పనితనమే. ఒకదాన్ని కళ అని ఇంకోదాన్ని కంపు అనడం అన్యాయమే. అయితే ఆ అన్యాయంలో ఇంకో సగం కూడా ఉంది. పేదవాళ్ళ పొగ దగ్గరికొచ్చేసరికి మనకి జబ్బు మాత్రమే కనిపిస్తుంది, డబ్బున్నవాళ్ళ పొగలో రుచి మాత్రమే కనిపిస్తుంది. మామ్మ అంగిలి డాక్టర్ల వ్యాసంలో కేసు, నా అంగిలి రివ్యూలో కొలమానం. అంగిలి ఒకటేనండీ. లోపల ఒకే పొర.

మన దేశంలో పొగాకు ప్రకటనలు 2003 చట్టంతో బందయ్యాయి. సిగరెట్ పెట్టె మీద 2016 నుంచి 85 శాతం బొమ్మతో కూడిన హెచ్చరికే. రాజమండ్రి దారపు కట్ట మీద బొమ్మ లేదు. నాలాంటివాళ్ళు కోకో, బెల్లం పాకం అని రాసేదాని మీదా లేదు. ఎవరూ డబ్బులివ్వకుండా మేం రాసిపెట్టే ప్రకటనలు ఇవి. ఇదే లెక్కన పైన నేను రాసిన మూడు రుచులూ ప్రకటనలే. తీసేద్దామనుకున్నాను. ఉంచాను, ఎందుకంటే అవి అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చదివారు. ఇకమీద ఎవరైనా సిగారు రివ్యూ రాస్తే మొదటి మూడో వంతు, రెండో మూడో వంతు, చివరి మూడో వంతు అని రాసి ఊరుకోకుండా, తర్వాత అంగిలి ఎలా ఉందో కూడా ఒక వాక్యం రాయమని నా మనవి.

ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు. శనివారం రాత్రి ఇప్పటికీ డాబా ఎక్కుతున్నా, ఇరానీ చాయ్ ఫ్లాస్కులో పట్టుకుని. కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు. దేవదారు డబ్బాలో ఇంకా రెండు ఉన్నాయి, పారెయ్యడానికి చెయ్యి రావడం లేదు. తేమ మీటరు చూడటం మాత్రం మానేశాను.

నిన్న దుబాయ్ నుంచి మా బావమరిది ఫోను. "బావా, వచ్చే నెల వస్తున్నా. ఈసారి ఏ బ్రాండు తెమ్మంటావ్?"

కాసేపు ఆలోచించి, ఖర్జూరాలు తెమ్మన్నాను.