నియత్ మంచిదే చాచా, ఖాతా ఎవరి పేరున ఉంది?



మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్కన ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు, రెండు గల్లీల్లో మనవాళ్ల ఇళ్లు, ఒక మసీదు. 2015 నవంబరు వానలకు ఇళ్లల్లోకి నీళ్లొచ్చినప్పుడు జమాత్ వాళ్లమంతా చందా వేసుకుని బైతుల్‌మాల్ పెట్టుకున్నాం. అందరికీ ఎతబార్ ఉన్న ఒక చాచా పేరున బ్యాంకు ఖాతాలో డబ్బు వేశాం. ఆయన ఒక్క రూపాయి ముట్టలేదు, మసీదులో నిలబడి చెప్పమన్నా చెప్తాను.

కొన్నేళ్లకు చాచా ఇంతెఖాల్ అయ్యారు. బ్యాంకులో అడిగింది రెండే మాటలు: నామినీ ఎవరు, వారసులెవరు? ఖాతా ఆయనది, కాబట్టి డబ్బూ ఆయనదే. ఒక కొడుకు ఇక్కడ, ఇంకొకడు కువైట్‌లో, కూతురు కడపలో. అల్లుడు, "ఇది జమాత్ డబ్బని కాగితమేదీ?" అన్నాడు. తప్పు అడిగాడని నేననలేను. కాగితం లేదు. వాళ్లు ఒక మాట మీదకు వచ్చేలోపు ఒక బేవా కూతురి కాలేజీ ఫీజు ఆగింది, డయాలసిస్‌కు నెల్లూరు పోయే ఒక మరీజ్‌కు ఆటో ఖర్చు ఆగింది.

ఇందులో దొంగ లేడు, ఖయానత్ లేదు. అయినా గరీబుల హక్కు పోయింది. అందుకే అంటున్నాను: మన ఇదారాలను బేఇమాన్ మనుషులు ఎంత ముంచుతున్నారో, ఢాంచా లేకపోవడం కూడా అంతే ముంచుతోంది.

ఈ మాటంటే వెంటనే, "అల్లాహ్ కోసం చేసే పనికి కాగితాలెందుకు భాయ్, మా మీద షక్కా?" అంటారు. హజ్రత్ ఉమర్ (రజి.)కు ఖైబర్‌లో మంచి జమీన్ వచ్చింది. ఏం చేయమంటారని రసూలుల్లాహ్ (స.అ.స.)ను అడిగారు. అస్ల్‌ను ఆపి పెట్టి, దాని ఆమ్దనీని సదఖా చేయమన్న సలహా వచ్చింది. ఆ జమీన్ అమ్మకూడదు, హిబా ఇవ్వకూడదు, విరాసత్‌లో పోకూడదు. చూసుకునే మనిషి మారూఫ్‌గా తినొచ్చు, దౌలత్ పోగేసుకోకూడదు. ఉమర్ లాంటి మనిషి ఇచ్చిన దానికే ఇన్ని షర్తులుంటే, మన సదర్ సాబ్‌కు వద్దా?

ఏ పనికి ఏ ఢాంచా? మసీదుకు, ఖబ్రస్తాన్‌కు, జమీన్‌కు వక్ఫ్‌ను మించింది లేదు. ఒకసారి వక్ఫ్ చేస్తే వారసులు పంచుకోలేరు. కానీ ముతవల్లీ కుర్చీ తండ్రి నుంచి కొడుక్కి పోతూ పోతూ ఇంటి జాగీర్ అయిపోతుంది. బైతుల్‌మాల్‌కు సొసైటీ నయం. 2001 నాటి మన రాష్ట్ర చట్టం కింద ఏడుగురు చాలు. ఖాతా సొసైటీ పేరున ఉంటుంది, కార్యదర్శి పోయినా డబ్బు పోదు. దీని జబ్బు ఎన్నికలు. రెండు పార్టీలై, ఒక పార్టీ ఆఫీసుకు తాళం వేస్తుంది. ట్రస్ట్‌లో ఆ గొడవ తక్కువ, పని త్వరగా జరుగుతుంది. కానీ ట్రస్టీలంతా ఒకే ఖాన్‌దాన్ అయితే వాళ్లను అడిగేదెవరు? సెక్షన్ 8 కంపెనీకి ఏటా ఆడిట్ తప్పదు. ఆస్పత్రికి, కాలేజీకి అది సరిపోతుంది. మా ఊరి బైతుల్‌మాల్‌కు ఆ ఖర్చే బరువు.

తిజారత్‌లోనూ ఇదే కథ. బావామరుదులు కలిసి గుంట లీజుకు తీసుకుంటారు, "మన మధ్య రాతలేంటి" అంటారు. అప్పు రాసుకోమని సూరె బఖరాలో అంత పొడుగు ఆయత్ ఎందుకుందో ఆలోచించరు. రొయ్యలకు తెల్లమచ్చ తగిలాక మొదలవుతుంది తగాదా. అది షిర్కత్ అయితే నష్టం పెట్టుబడి వాటాల ప్రకారం పంచుకోవాలి. ముదారబా అయితే సొమ్ము నష్టం పెట్టుబడిదారుడిది, పనిచేసినవాడికి కష్టం వృథా. ఏదని ముందే రాసుకోకపోతే రిష్తా తెగుతుంది. 1932 నాటి చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే ఒక భాగస్వామి చనిపోగానే ఫర్మ్ రద్దవుతుంది. ఇది ఎందరికి తెలుసు?

కాగితం ఒక్కటే చాలదు కూడా. 2019లో బెంగళూరు ఐఎంఏ కూలిపోయింది. అక్కడ డబ్బు పెట్టినవాళ్లను ఎల్‌ఎల్‌పీలో భాగస్వాములుగా రాసుకున్నారు. పేరుకు శరీక్. నెలనెలా నఫా వస్తుంటే హిసాబ్ అడగాలని మనకు తోచలేదు.

2025 వక్ఫ్ సవరణ చట్టం మీద నాకూ గుస్సా ఉంది. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు అందులో కొన్ని అంశాలను ఆపినప్పుడు నేనూ షుకర్ చేశాను. కానీ ఉమీద్ పోర్టల్‌లో ఆరు నెలల్లో వివరాలు ఎక్కించమన్నప్పుడు, జులూస్‌లో ముందు నడిచిన మనమే పాత దస్తావేజుల కోసం అటకలు వెతికాం. మన హిసాబ్ మనం రాసుకుని ఉంటే, మన ఇంట్లోకి తొంగిచూడటానికి సర్కారుకు బహానా తగ్గేది.

వచ్చే జుమా తర్వాత మీ ఇంతెజామియాను అదబ్‌తోనే మూడు మాటలు అడగండి. ఖాతా ఎవరి పేరున ఉంది? సంతకాలు ఎందరివి? పోయినేడు హిసాబ్ గోడకు ఎప్పుడు అంటిస్తారు? ఎవరికైనా కోపమొస్తే రానివ్వండి. మా చాచా బతికుండగా ఆయన ఇజ్జత్‌కు భంగమని మేమెవరం అడగలేదు. ఆయన పోయాక ఆయన పేరు కచేరీలో నానింది. ఆ మర్హూమ్‌కు మేం చేసిన అన్యాయం అదే.