పత్తిచేలో పాలియెస్టరు చీర

పత్తి ఏరే రోజులలో గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు ప్రాంతాలలో ఏ చేను చూచినా ఒక వింత కానవస్తుంది. ఒడినిండా పత్తి నింపుకొనే స్త్రీ కట్టుకొన్నది చాలావరకు పాలియెస్టరు చీర; అంటే శిలాతైలం నుంచి తీసిన దారం. చీరమీద భర్తదో, కొడుకుదో ఒక పాత చొక్కా. ఎండిన కాయడొప్పల మొనలు చేతులు గీరకుండా, ఎండ సోకకుండా ఆమె తనకు తానే కల్పించుకొన్న పనివేషమది. కొలత ఆమెది కాదు; జేబు కూడా ఆమె కోసం పెట్టినది కాదు. పోలీసుకూ, రైల్వే కూలీకీ, బస్సు కండక్టరుకూ దుస్తులు నిర్ణయించిన సమాజానికి నాట్లూ, కలుపూ మోసే స్త్రీకి ఒక చొక్కా కుట్టించాలని ఇంతవరకు తోచకపోవడం చిత్రమే.

పాలియెస్టరును నిందించడం సులభం. కాని రెండే చీరలున్న ఇల్లాలికి రాత్రి ఉతికినది తెల్లవారేసరికి ఆరాలి. అది ఆరుతుంది. వెల తక్కువ, గంజి అక్కరలేదు. ఆమె ఎన్నికలో అవివేకమేమీ లేదు. అయితే ఏ గుణంవల్ల త్వరగా ఆరుతుందో, ఆ గుణంవల్లనే అది చెమటను పీల్చదు. నూలు తన బరువులో నూటికి 8 వంతుల వరకు తేమను ఇముడ్చుకోగా, పాలియెస్టరు అరవంతు కూడా ఇముడ్చుకోదు. రోహిణికార్తెలో కూలికి పోయే ఒంటికి ఆ తేడా తెలుస్తుంది. పొయ్యిదగ్గర సంగతి మరీ ఘోరం: నూలుబట్ట కాలుతుంది, ఇది కరిగి చర్మానికి అతుక్కొంటుంది.

ఒకప్పుడు ఈ పనికి ముతక నేతచీర ఉండేది. గోచిపోసి కట్టడానికి చాలిన నిడివి, బండమీది ఉతుకుడుకు ఆగే గట్టితనం దానివి. చిరిగితే బొంత, ఆ తరువాత మసిగుడ్డ. 1985లో కొన్ని రకాలను చేనేతకు ప్రత్యేకించే చట్టం వచ్చినా ఆ ముతకచీర నిలువలేదు. చేనేత నిలిచినంతమేర పెండ్లిబట్టగా, ఉద్యోగినుల ముచ్చటగా నిలిచింది. పొందూరు, మంగళగిరి, వెంకటగిరి పేర్లు పెరిగాయి. కూలి స్త్రీ మాత్రం ఆ కొట్టుమెట్లు ఎక్కడం మానివేసింది.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపకం ఆరంభించి సిరిసిల్ల మరమగ్గాలకు పని చూపింది. అక్కడివారికి అన్నం దొరికిన మాట నిజం. కాని అవి పండుగచీరలు, పాలియెస్టరువి. అటువంటి కొనుగోలులో కొంతైనా ముతకనూలు చొక్కాకు మళ్లించి ఉంటే చేనేత మగ్గాలకూ పని దొరికేది. నిండుచేతులు, మోచేతివద్ద రెండుపొరల బట్ట, కొంగుముడికి బదులు సెల్‌ఫోను పట్టే లోతైన జేబు: ఇంతకన్న కోరిక ఏముంది?

ధర హెచ్చు పడుతుంది. ఆ హెచ్చును దినకూలి చేత కట్టించడం న్యాయం కాదు. పని చేయించుకొనేవారే భరించాలి. మొదట వీధులూడ్చే స్త్రీలతో ఆరంభించవచ్చు. చీపుళ్లకూ, చేతితొడుగులకూ పద్దు వ్రాసే పురపాలక సంఘానికి నూలుచొక్కా పద్దు ఒకటి చేర్చడం పెద్ద లెక్క కాదు.