భక్తి ఉన్నచోటే జోగిని ఆచారమూ ఉంది



దేవుడి భయం లేనిదే నీతి నిలవదని మీ గత సంచికలో వ్యాసకర్త రాశారు. మా ఉత్తర తెలంగాణ అనుభవం ఆ మాటను ఒప్పుకోదు.

ఆదిలాబాద్ గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల వాళ్లనే విభజన ఉంది. ఒకే సంఖ్య వాళ్లంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఇది ఏ గ్రంథమూ విధించిన శాసనం కాదు. పేరు దేవుడిదే, తప్పొప్పులు తేల్చేది మాత్రం ఊరి పటేల్, పంచాయితీ. అక్కడి మార్లవాయి ఊళ్లో ఉండి వాళ్ల జీవితాన్ని దగ్గరగా చూసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, 1967లో దక్షిణాసియా సమాజాల నైతిక విలువలపైనే ఒక పుస్తకం వెలువరించారు.

అలాగని కట్టుబాటే నీతి అంటే అదీ ఒప్పుకోను. ఒకప్పుడు కరీంనగర్ పల్లెల్లో వెట్టి కూడా కట్టుబాటే. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టి నడవడమూ కట్టుబాటే. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అయినా వెట్టికి, దొరల పెత్తనానికి వ్యతిరేకంగా 1978 సెప్టెంబరులో వేలమంది జగిత్యాల జైత్రయాత్రకు కదలవలసి వచ్చింది. ఆడపిల్లను దేవతకు అంకితం చేసే జోగిని ఆచారానికైతే ఆ దేవత పేరే అండ. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేశారు. ఆడపిల్లను దేవతకు అప్పగించిన పెద్దలు భక్తి లేనివాళ్లు కారు. భక్తితోనే ఆ పని చేశారు.

అది తప్పని మొదట తెలిసింది ఆ బాధ పడ్డవాళ్లకు, తర్వాత వాళ్ల పక్కన నిలబడ్డవాళ్లకు. ఆ ఎరుకను ప్రకృతి ధర్మమనండి, మానవత్వమనండి, నాకు అభ్యంతరం లేదు. కానీ జోగినిగా మారిన పిల్ల ఏ దేవుడి భయాన్ని నమ్ముకోవాలో వ్యాసకర్త చెప్పాలి.

– ఒక పాఠకురాలు, జగిత్యాల